పాస్టరమ్మ చేతులు

చర్చిలో భర్త వాక్యం చెప్పడం సగంలో ఉండగానే పాస్టరమ్మ లేచి వెనక వంటగదిలోకి వెళ్లాలి. ఆరాధన ముగిసేసరికి టీ అందకపోతే సంఘ పెద్దల ముఖాలు మాడిపోతాయి. పెళ్లయిన కొత్తలో ఆమె భర్తను అడిగింది, "చర్చిలో నా పరిచర్య ఏమిటండీ?" అని. "నన్ను చూసుకోవడమే," అన్నాడాయన నవ్వుతూ. అప్పట్లో ఆ జవాబు ఎంత ముద్దుగా అనిపించిందో. తర్వాత దానికి కప్పులు కడగడం, బెంచీలు తుడవడం, పూలు సర్దడం, పాటల గుంపులో నిలబడటం ఒక్కొక్కటే వచ్చి చేరాయి. గొంతు కలవడం లేదని ఆ గుంపులోంచి తీసేసినప్పుడు, "పోనీలే అమ్మాయ్, దేవుడు అందరికీ అన్నీ ఇస్తాడా ఏంటి," అంది అత్తగారు. ఓదార్పే, అయినా ముల్లులా దిగింది. అందరికీ ఏదో ఒక వరం పంచిన దేవుడు తన దగ్గరికి వచ్చేసరికి చేతులు దులిపేసుకున్నాడేమోనని కప్పులు తోముతూ చాలాసార్లు అనుకుంది.

ఒక ఆదివారం వంటగది గుమ్మం పక్క బెంచీ మీద ఒక కొత్తావిడ కూర్చుంది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. పుట్టుకతోనే వినబడదు. పాస్టరుగారి పెదాల వంక చూసి చూసి, ఏమీ అందక తల దించుకుంది. టీ తెచ్చిన పాస్టరమ్మ పళ్లెం పక్కన పెట్టి, తనకు తెలియకుండానే చేతులతో అడిగింది, పంచదార ఇంకొంచెం వేయనా అని.

కుట్టుపని ఆవిడ ఒక్క క్షణం నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె చేతులు ఆగితే ఒట్టు.

పాస్టరమ్మ అక్కకూ వినబడేది కాదు. అక్క బడిలో నేర్చుకొచ్చిన సైగల భాషలోనే ఇద్దరూ పోట్లాడుకున్నారు, అమ్మ ఎదురుగానే అమ్మ మీద జోకులు వేసుకున్నారు. పెళ్లయ్యాక అక్క ఒకసారి వచ్చి వెళ్తే, "నలుగురిలో అలా చేతులు తిప్పకు, బాగుండదు," అన్నాడు భర్త. అక్క పోయాక ఇక తిప్పాల్సిన అవసరమూ రాలేదు.

మరుసటి ఆదివారం కుట్టుపని ఆవిడ తన భర్తనూ, ఇద్దరు స్నేహితురాళ్లనూ వెంటబెట్టుకొచ్చింది. వాళ్లకూ వినబడదు. నలుగురూ వేదిక వైపు కాకుండా వంటగది గుమ్మం వైపు తిరిగి కూర్చున్నారు. పాస్టరమ్మ గుమ్మంలో నిలబడి భర్త మాటలను చేతుల్లోకి దించింది. వెనక పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. టీ లేదు.

"టీ సంగతి సరే," అన్నాడు భర్త ఇంటికొచ్చాక. "జనమంతా నీ వైపే చూస్తుంటే నా మాట ఎవరి చెవికెక్కుతుంది?"

"చెవికెక్కనివాళ్ల కోసమేనండీ."

ఆయన చొక్కా గుండీలు విప్పుకున్నాడు. "పోనీ, ఆ వంటగదిలోనే చెప్పుకోరాదూ?"

"అక్కడ వెలుతురు లేదు. వచ్చే వారం నుంచి వేదిక పక్కన నిలబడతాను."

అన్నాక గానీ తాను అనుమతి అడగలేదని ఆమెకే తట్టలేదు.

"మరి టీ?" అంది బట్టలు మడతపెడుతున్న అత్తగారు.

"తెలీదత్తయ్యా."

అత్తగారు చేతిలోని దుప్పటిని మడిచి, మళ్లీ విప్పి మడిచింది. "ఒక పూట టీ లేకపోతే పెద్దలేం పోరులే," అంది.

తర్వాతి ఆదివారం పాస్టరమ్మ వేదిక పక్కన, కిటికీ వెలుగులో నిలబడింది. మొదట వేళ్లు తడబడ్డాయి. తర్వాత వాటికవే దారి దొరికింది. భర్త ఒకటి రెండుసార్లు ఇబ్బందిగా చూశాడు. మరి కాసేపటికి ఆమె చేతులు అందుకునేదాకా మాట మాటకీ మధ్య ఆగడం మొదలుపెట్టాడు. తాను ఆయన వెనకాల పరుగెత్తకుండా ఆయనే తన కోసం నిలబడటం ఆమెకు కొత్తగా ఉంది.

వాక్యం అయ్యాక ముగింపు ప్రార్థన కోసం ఆయన చెయ్యెత్తాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. అంతలో కుట్టుపని ఆవిడ లేచి నిలబడి, ఏడుస్తూ చేతులు కదిలించసాగింది. ఆయన మైకు పక్కకు తీసి, భార్య వైపు వంగి అడిగాడు, "ఏమంటోంది?"

"ప్రార్థన చేస్తోంది," అంది పాస్టరమ్మ, అందరికీ వినబడేలా. "కళ్లు తెరవండి. ఆవిడ ముగించేదాకా మనం ఆగాలి."