ముందొచ్చిన బండి

సంయుక్త తొమ్మిది రోజులుగా నందిగామ పత్తి కొనుగోలు కేంద్రం గేటు దగ్గర నోట్‌బుక్కు పట్టుకుని కూర్చుంటోంది. ఏ ట్రాక్టరు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కాటా ఎక్కింది, ఎన్నింటికి బయటపడింది, ఇదీ ఆమె పీహెచ్‌డీ. రావడం ఒక సంఘటన, కాటా ఎక్కడం ఇంకో సంఘటన. ఆమె కంప్యూటరులో కట్టిన నమూనాలో గడియారం ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతుంది. నడుమ ఏం జరిగినా దానికి పట్టదు. ముందొచ్చినవాడు ముందు వెళ్తాడని దాని గట్టి నమ్మకం.

పదకొండు బళ్ళు ఆ నమ్మకాన్ని వమ్ము చేశాయి. చీకటితోనే వచ్చి ముందు నిలబడి, ఏ ఇరవయ్యో బండిగానో లోపలికి వెళ్ళాయి. గైడు ఉమాకాంతం ఫోన్లో తేల్చేశారు. "తప్పు రాసుకునుంటావమ్మా. ఆ పదకొండూ తీసేయ్. సోమవారం చాప్టరు ఇచ్చెయ్. అది దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే." తీసేస్తే నమూనా చక్కగా సరిపోయింది. గేటు ఎనిమిదింటికి కాక ఆరింటికే తీస్తే పడిగాపులు సగానికి తగ్గుతాయన్న సిఫార్సు కూడా వచ్చింది. అయినా సంయుక్త మనసు ఊరుకోలేదు. తను తప్పు రాయలేదు.

శనివారం పొద్దున అందరికంటే ముందున్న ట్రాక్టరు వీరులపాడు రాఘవమ్మది. గేటు తెరిచినా ఆవిడ కదల్లేదు. వెనకవాళ్ళను పొమ్మని చెయ్యి ఊపింది.

"వాళ్ళనెందుకండీ పోనిస్తున్నారు?" అంది సంయుక్త.

రాఘవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పత్తిలోకి దూర్చింది. చల్లగా, చెమ్మగా తగిలింది.

"మంచు పట్టిందమ్మా. ఇప్పుడు మీటరు గుచ్చితే తేమెక్కువని వెనక్కి పంపుతారు. చోటున్నోళ్ళు ఇంటికాడే ఆరబెట్టుకొస్తారు. నాకు చోటేదీ? ఎండెక్కాక వెళ్తా."

"అయితే పదింటికే రావచ్చుగా?"

"పదింటికొస్తే ఎక్కడో చివర్నుంటా. ముందుంటే ఎప్పుడెళ్ళాలో నా ఇష్టం."

సంయుక్తకు సిగ్గేసింది. తొమ్మిది రోజులూ బళ్ళు లెక్కపెట్టింది గానీ పత్తి ముట్టుకోలేదు. ఆ వెంటనే, తను రాసుకున్నది నిజమేనని పట్టరాని సంతోషమూ కలిగింది.

"ఇంతకీ ఈ లెక్కలు కంప్యూటరుకెక్కిస్తానన్నావుగా, ఏమందది?" అంది రాఘవమ్మ.

"గేటు ఆరింటికే తీయమందండీ."

రాఘవమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మ తల్లీ! ఎండెక్కేసరికే ఆ రోజు కొనేదంతా కొనేస్తే మా పత్తి ఎవరు కొంటారు?"

సంయుక్త అక్కడే ఫోను తీసింది. "సార్, సోమవారం చాప్టరు ఇవ్వలేనండీ. నమూనా మళ్ళీ మొదట్నుంచి కట్టాలి."

"పదకొండు బళ్ళ కోసం ఏడాది పోగొట్టుకుంటావా?" ఉమాకాంతానికి కోపం వచ్చింది.

రాఘవమ్మ అప్పటికే ట్రాక్టరు వెనక ట్రక్కు ఎక్కి, పత్తి మీద కప్పిన పట్టా పూర్తిగా లాగేసి, అడుగు పత్తిని రెండు చేతులా ఎండకు తిరగేస్తోంది.

"పోగొట్టుకుంటా సార్" అంది సంయుక్త.