లోపలి మడత

ఈదమ్మకు కుట్టుపని వచ్చంటే వచ్చు, రాదంటే రాదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే: గౌను అంచును బెత్తెడు లోపలికి మడిచి, పైకి కనపడకుండా చేత్తో కుట్టడం. కూతురు మెర్సీ బడి గౌన్లన్నీ అట్లాగే కుట్టింది. పిల్ల పొడుగైనప్పుడల్లా ఒక వరుస కుట్టు విప్పి గౌను కిందికి వదిలేది. "మా అమ్మ గౌనుకు గూడ బువ్వ పెట్టి పెంచుతది" అని మెర్సీ బడిలో అందరినీ నవ్వించేది.

ఆ మెర్సీయే పెళ్లయిన నాలుగేళ్లకు, కుడిచేతికి పిండికట్టుతో, షాద్‌నగర్‌లో బస్సెక్కి జడ్చర్లలో తల్లి ఇంటికి వచ్చింది. మొగుడు ప్రవీణ్ చెయ్యి మెలిపెట్టి విరిచాడు. కొట్టడం కొత్త కాదు, విరగడమే కొత్త. ఆ మాట విని ఈదమ్మ గుండె బాదుకుంది, వాడి చేతులు పడిపోవాలని తిట్టింది. తెల్లారి పక్కింటి నర్సింగమ్మ అడిగితే మాత్రం, బాత్‌రూంలో జారిపడిందని చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్లమీదే పడుతుంది కదా!

మెర్సీ తెచ్చుకున్న సంచిలో నాలుగు బట్టలు, ఒక డబుల్‌కాట్ చద్దరు. పెళ్లికి ఈదమ్మ పోచంపల్లి దాకా పోయి, పది చద్దర్లు పరిపించి ఏరి తెచ్చిన ఎర్ర చద్దరు అది.

"అమ్మా, దీన్ని నా మంచానికి సరిపోయేటట్టు జర కోసి కుట్టియ్యే. నేల మీద ఈడుస్తాంది, కాళ్లకు తట్టుకుంటాంది" అంది మెర్సీ ఒకనాడు. మంచమంటే ఆమె పెళ్లికి ముందు పడుకున్న నవారు మంచమే.

"ఎందుకే కోసుడు? మల్ల ఆడ పెద్ద మంచం మీద ఏం పరుస్తవు?"

ఇక ఆ ఇంటికి పోనని చెప్పి చెప్పి మెర్సీ నోరు అప్పటికే నొచ్చింది.

ఈదమ్మ ఆలోచన వేరు. ప్రవీణ్ రేపో మాపో వస్తాడు, నలుగురిలో తప్పయిందంటాడు, పిల్లను పంపిస్తే సరి. తండ్రి లేని పిల్ల, తాను పోయాక ఎవరున్నారు దానికి? ఆమెను చెడ్డ తల్లి అనకండి. భయపడ్డ తల్లి, అంతే. ఆ రెంటికీ ఒక్కోసారి పెద్ద తేడా ఉండదనేది వేరే మాట.

మధ్యాహ్నం చద్దరు ముందేసుకుని కూర్చుంది. కత్తెర పక్కనే ఉన్నా ముట్టలేదు. ఈ పక్క మూరెడు, ఆ పక్క మూరెడు లోపలికి మడిచి కుట్టేసింది. నాలుగు కుట్లు విప్పితే మళ్లీ పెద్ద చద్దరే అనుకుంది. పాడు ఆశ, అనుకుని కాస్త సంతోషపడింది కూడా.

సాయంత్రం మెర్సీ దాని మీద నడుం వాల్చింది. కట్టున్న చెయ్యి పైకి పెట్టి పక్కకు తిరిగితే డొక్క కింద ఏదో ఒత్తుకుంది. లేచి చద్దరు తిరగేసింది. ఆ కుట్టు ఆమె ఎరుగనిదా?

"కోయలేదానే అమ్మా?"

"మంచి బట్ట బిడ్డా. ఎప్పుడన్న అక్కరొస్తే ఇప్పుకోవచ్చని లోపలికి మడిచిన, గంతే."

మెర్సీ ఎడమచేత్తో ఆ మడతను తడుముతూ కూర్చుంది. "గౌన్లు గిట్లనే కుడుతుంటివి. పెరుగుతనని" అంది. మడత వదిలేసి, "నేనింక పెరగనే అమ్మా. ఆడికి పోయినప్పుడల్ల ఇంతింత తరిగొస్తున్న" అంది.

ఈదమ్మకు దుఃఖం ఆగలేదు. కూతురు కాళ్ల దగ్గర కూలబడి, ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఏడ్చి లేచి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "జరుగు" అంది. చద్దరు లాక్కుని, వాకిట్లో వెలుతురుకు వేసుకుని, తన కుట్లు తనే తెంపి కత్తెర పెట్టింది.

నర్సింగమ్మ గోడ మీదినుంచి చూసింది. "గదేందే, బంగారమసొంటి చద్దరును కోస్తున్నవు? బిడ్డ పోయేటప్పుడు అక్కరుండదా?"

"పోదు" అంది ఈదమ్మ, తలెత్తకుండా. "నా బిడ్డ జారిపడలే నర్సింగమ్మా. నేను అబద్దం జెప్పిన. వాడు ఇరగ్గొట్టిండు."

లోపల మంచం మీద మెర్సీ వెక్కడం ఇద్దరికీ వినపడింది. ఈదమ్మ కత్తెర ఆపలేదు. కళ్లు కనపడక కోత అంతా వంకరగా పోయింది.