పసుపు పట్టీ రాని ఫైలు

పెళ్ళయి నెల కూడా కాలేదు. అత్తయ్య వింటూ ఉంటే మా ఆయన్ని ‘మీరు’ అంటాను, వినకపోతే ‘నువ్వు’. ఇద్దరు మొగుళ్ళున్నట్టు ఉంటుంది నాకు!

నేను పుస్తకాల ఎడిటర్‌ని. తనది ఒక సంస్థలో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం. బయటి నుంచి వచ్చిన ఫైలు తెరిస్తే పైన పసుపు పట్టీ కనిపిస్తుందని, అది ఉన్నంతసేపు ఆ ఫైలు ఏ అల్లరీ చెయ్యలేదని మేం మొదటిసారి కాఫీకి కలిసినప్పుడే చెప్పాడు. అయినా చేసుకున్నాను.

ఆ ఉదయం, నేను దిద్దుతున్న పక్షుల పుస్తకానికి చివరి అధ్యాయం రచయిత పేరుతో మెయిల్లో వచ్చింది. దించుకుని, టీ తాగి వచ్చి తెరిచాను. పట్టీ రాలేదు. లోపల ఒక్క అక్షరం లేదు.

“ఏమండీ, దీనికి పట్టీ రాలేదు. మంచి ఫైలేగా?”

తన చేతిలో దువ్వెన ఆగిపోయింది. “ఏదీ ముట్టుకోకు! పట్టీని తప్పించుకుని దొడ్డిదారిన వచ్చే ఫైళ్ళు తిరుగుతున్నాయని నిన్ననే ఆఫీసులో చెప్పారు. అప్‌డేట్ వేస్తే రావు. మనింట్లో కూడా వేద్దామనుకున్నా...”

“అనుకున్నావా? లోకంలో అందరివీ చూస్తావు, పెళ్ళాం కంప్యూటరుకి మాత్రం తీరిక లేదు!” కంగారులో నా ‘మీరు’ ఎగిరిపోయింది.

దిద్దిన పుస్తకమంతా ఆ కంప్యూటర్లోనే ఉంది. ఇంకో ప్రతి లేదు. అది పోతే రచయిత మొహం ఎలా చూడను?

తను కూర్చుని ఏవేవో తెరిచి చూస్తున్నాడు. నేను తన భుజం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

“ఇది బయట ఉన్న అసలు దొంగని లోపలికి పిలిచే రకం. పిలిచింది కూడా. కానీ ఎవరూ రాలేదు. ఎందుకని?” బల్ల కిందికి వంగాడు. “నెట్ వైరేదీ?”

ముందు గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. “నేనే పీకాన్రా! సీరియల్ ఆగి ఆగి వస్తుంటే టీవీకి పెట్టుకున్నా. కోడలు టీ తాగుతోంది కదా అని... అరవకు, అయిపోగానే ఇచ్చేస్తా.”

“అరవడమా? రోజంతా చూసుకోవే అమ్మా!”

తను ఆ ఫైలుని తీసేసి, కంప్యూటరంతా వెతికించి, పుస్తకాన్ని వేరే డిస్కులోకి ఎక్కించాడు. నేను ప్రతి పేజీ తిప్పి చూశాను. పిచ్చుక దగ్గర్నుంచి గద్ద దాకా అన్నీ క్షేమం. రచయితకి ఫోన్ చేస్తే, “నేనింకా రాయందే పంపడమేంటమ్మా!” అన్నారు. ఆలస్యం చేసినందుకు ఒక రచయితని ముద్దు పెట్టుకోవాలనిపించడం అదే మొదలు.

అప్‌డేట్ వెయ్యాలంటే వైరు కావాలి. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు. వెళ్ళి అత్తయ్యకి చెరోవైపు ఇరుక్కుని కూర్చున్నాం. సీరియల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆవిడ ఓపిగ్గా చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఎంత హాయిగా ఉందో!