జీవం లిఫ్టెక్కిన సాయంత్రం

“పిల్ల నిద్రపోవట్లేదు. నిద్రపోని మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది? చెప్పు లావ్ కాంగ్, ఎన్నాళ్ళు?”

గుయ్‌జెన్ ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. షియాంగ్‌యాంగ్‌లో ఎప్పటిలాగే తెల్లారింది. వీధి చివరి కొట్లో ఆమె భర్త లావ్ కాంగ్ గొడ్డుమాంసం నూడుల్స్ గిన్నె ముందుకు లాక్కుని, ఎర్రగా నూనె తేలుతున్న రసం జుర్రుకుంటున్నాడు.

“పోయిన వారం గ్యాస్ బండ పేలుతుందన్నావు. అంతకు ముందు వారం నా కాలేయం పోతుందన్నావు. ఈ వారం పిల్ల వంతా?”

“నవ్వు, నవ్వు. ముందు ఇది చూడు.”

ఫోన్ తీసి అతని ముక్కు కింద పెట్టింది. చుట్టాలూ స్నేహితులూ రోజుకి ఎన్ని అడుగులు నడిచారో చూపించే పట్టీ అది. అర్ధరాత్రి దాటగానే అందరి లెక్కా సున్నాకి వచ్చేస్తుంది. ఇప్పుడు ఉదయం ఆరున్నర. వుహాన్‌లో ఒంటరిగా ఉంటున్న కూతురు రుయ్‌లిన్ పేరు పక్కన మూడు వేల నాలుగు వందల అడుగులున్నాయి.

“చాప పరిస్తే నిండిపోయే ఇల్లు దానిది. అందులో ఇన్ని అడుగులెలా పడతాయి, రాత్రంతా ఈ గోడకీ ఆ గోడకీ తిరిగితే తప్ప?”

లావ్ కాంగ్ కాసేపు నమిలాడు. “దాని సంగతి సరే. నువ్వు ఎన్ని గంటలకి లేచి చూశావిది?”

“నాలుగింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి. నా సంగతి వేరు. నేను తల్లిని.”

భయపడటంలో పోటీ పెడితే జిల్లాకంతటికీ తనదే మొదటి బహుమతి అని గుయ్‌జెన్‌కి తెలుసు. చదివింది ఎనిమిదో తరగతి. నూలు మిల్లులో ఇరవై రెండేళ్ళు తెగిన దారాలు ముడేసింది. ఆ పనిలో దారం తెగకముందే తెగుతుందని కనిపెట్టినవాళ్ళు మంచి పనివాళ్ళు. మిల్లు మూతపడింది కానీ ఆ చూపు మాత్రం ఆమెని వదల్లేదు. ఇప్పుడు దారాలు లేవు గనక మనుషుల మీద పడింది.

ఆ మధ్యాహ్నమే రైలెక్కింది. సంచిలో కొర్రబియ్యం, ఎండు రేగుపళ్ళు, తామర గింజలు, కట్టలు కట్టిన మాచిపత్రి, అది మరిగించిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడానికి మోకాలెత్తు చెక్క బకెట్టు. బకెట్టు సీటు కింద పట్టలేదు. నాలుగు గంటలూ దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఎదుటి సీట్లోవాళ్ళు పుట్టబోయే మనవడికి ఉయ్యాల అనుకున్నారో ఏమో, రెండుసార్లు చిరునవ్వు నవ్వారు.

రుయ్‌లిన్‌కి ముప్పై రెండేళ్ళు. ఇళ్ళ లోపలి అలంకరణకి నమూనాలు గీసే కంపెనీలో ఎనిమిది మందికి పెద్ద. పది రోజులుగా ఇంటినుంచే పని చేస్తోందట. తలుపు తీసి తల్లినీ బకెట్టునీ చూసి, “ఎవరైనా పోయారా అమ్మా?” అంది.

“ఇంకా లేదు,” అంది గుయ్‌జెన్. అన్నాక నాలిక కరుచుకుంది.

కూతురి కళ్ళ కింద మసి పూసినట్టు నల్లగా ఉంది. ఆ రాత్రి నుంచే వైద్యం మొదలైంది. కొర్రజావ, రేగుపళ్ళ కషాయం, దిండు కింద తామర గింజల పొట్లం. తొమ్మిదింటికి మాచిపత్రి వేడినీళ్ళు. రుయ్‌లిన్ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, కంపెనీవాళ్ళతో మీటింగులో మాట్లాడేది. అవతలివాళ్ళకి పైసగమే కనిపించేది కాబట్టి సరిపోయింది.

మూడో రాత్రి కూతురు ఐదు గంటలు పడుకుంది. గుయ్‌జెన్‌కి ఎలా తెలుసంటే, ఆ ఐదు గంటలూ ఆమె పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టింది. తెల్లారగానే వంటింట్లోకెళ్ళి, నోటికి కొంగులా తువ్వాలు అడ్డం పెట్టుకుని భర్తకి ఫోన్ చేసింది.

“పడుకుంది! బకెట్టు పనిచేసింది! ఉయ్యాలని నవ్వారుగా రైల్లో, వాళ్ళని పిలుచుకు రా!”

“ఎవరు నవ్వారు?”

“నీకు చెప్పలేదులే. పడుకుంది!”

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ గెలిచిన సంతోషంలో ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. అద్దం వెనక అరలో ఒక తెల్లని సంచి దొరికింది. లోపల రెండు అట్టల మాత్రలు. సంచి మీద ఆసుపత్రి పేరు, దాని కింద చిన్న అక్షరాలు: మానసిక వైద్య విభాగం.

గుయ్‌జెన్ ఆ అక్షరాలు మూడుసార్లు చదివింది. చదివినకొద్దీ అవి పెద్దవయ్యాయి. ఇది ఆసుపత్రివాళ్ళు ఎక్కడైనా రాసి పెట్టుకుంటారా? కంపెనీకి తెలిస్తే? పెళ్ళి మాటలకి వచ్చేవాళ్ళకి తెలిస్తే? మాత్రలు అలవాటై, మనిషి మొద్దుబారిపోయి, చివరికి తన్నే గుర్తుపట్టకపోతే? పావు నిమిషంలో కూతురు ఉద్యోగం పోయి, పెళ్ళి తప్పి, పిచ్చాసుపత్రి గీతల చొక్కా వేసుకుని ఒక ఇనప కిటికీ వెనక నిలబడింది. గుయ్‌జెన్ ఊహ ఎప్పుడూ అడ్డదారినే పోతుంది.

బకెట్టు ఉండగా ఇవెందుకు అనుకుంది. ఒక్కో మాత్రా ఒత్తి తీసి మరుగుదొడ్లో వేసి నీళ్ళు కొట్టింది. ఒకటి తేలింది. మళ్ళీ కొట్టింది.

పదింటికి రుయ్‌లిన్ అద్దం వెనక వెతుక్కుంటూ, “అమ్మా, నా మాత్రలేవి?” అంది.

“ఏ మాత్రలు?”

“అమ్మా.”

“పారేశాను. నీ మంచికే. అవి వేసుకుంటే మతి మందగిస్తుందట, ఫోన్లో వీడియోలో ఒక పెద్దమనిషి చెప్పాడు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? రాత్రి హాయిగా పడుకున్నావుగా, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని...”

రుయ్‌లిన్ అరవలేదు. అరిచి ఉంటే గుయ్‌జెన్ కూడా అరిచేది, ఇద్దరూ ఏడ్చేవాళ్ళు, మధ్యాహ్నానికి కలిసి కుడుములు చుట్టుకునేవాళ్ళు. వాళ్ళింట్లో గొడవలు అలా తీరేవి.

“నాలుగు నెలల తర్వాత నిన్న రాత్రే ఐదు గంటలు పడుకున్నా,” అంది రుయ్‌లిన్ నెమ్మదిగా. “ఆ డాక్టరు గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి వెనక్కొచ్చానమ్మా. నాలుగోసారి లోపలికెళ్ళా.”

గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. మూడు రోజులు ఒక్క మాట లేదు.

అన్నం పళ్ళెం తలుపు దగ్గర పెడితే సగం ఖాళీ అయి తిరిగొచ్చేది. స్నానానికి వచ్చేది, తల్లి పక్కనుంచి గోడ పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్ళేది. లోపల కీబోర్డు టకటకలాడినంతసేపూ గుయ్‌జెన్‌కి ధైర్యంగా ఉండేది. ఆగిందంటే లేచి చెవి తలుపుకి ఆనించేది. రెండో రోజు చెవి ఆనించి ఉండగానే తలుపు తెరుచుకుంది. “చీమలు... చీమలు తిరుగుతున్నాయేమోనని...” అని గొణిగింది, ఇరవైమూడో అంతస్తులో, మంచు కురిసే నెలలో. కూతురు పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది.

హాల్లోనే కూర్చుని గదిలోకి మెసేజీలు పంపింది. “మాత్రలు మళ్ళీ తెచ్చుకో.” “నేను తెస్తాను, పేరు చెప్పు.” “అన్నంలో ఉప్పు సరిపోయిందా?” మూడూ చదివినట్టు కూడా లేదు.

మూడో రోజు మధ్యాహ్నం లావ్ కాంగ్‌కి ఫోన్ చేసి అంతా ఒప్పుకుంది. అతను నవ్వలేదు. అతను నవ్వకపోవడంతో ఆమెకి ఇంకా భయమేసింది.

“గుయ్‌జెన్, నీ పక్కన ముప్పై నాలుగేళ్ళుగా పడుకుంటున్నా. నువ్వు పడుకున్నట్టు నటిస్తావని నాకు తెలియదనుకున్నావా? నిజంగా నిద్రపోయే మనిషి అంత పద్ధతిగా ఊపిరి తీయదు.”

ఆమె ఫోన్ పెట్టేసింది. సమాధానం దొరకనప్పుడు ఆమె సిగ్నల్ ఎప్పుడూ పోతుంది.

చీకటి పడబోతోంది. రుయ్‌లిన్‌కి ఐదేళ్ళప్పుడు పక్కింటి పెళ్ళి టపాసులకి జడుసుకుని వారం నిద్రపోకపోతే, గుయ్‌జెన్ దాని చొక్కా పట్టుకుని, బియ్యం చల్లుతూ వీధి మొగనుంచి ఇంటిదాకా పేరు పెట్టి పిలుచుకుంటూ వచ్చింది. జడుసుకున్న మనిషి జీవం ఎక్కడో జారి పడిపోతుంది. తల్లి పిలిస్తే వెంట వస్తుంది. ఇంట్లో ఉన్న ఆ మనిషి “వచ్చాను” అంటేనే ఒంట్లో చేరినట్టు. ఆ రాత్రి పిల్ల పడుకుంది.

ఇప్పుడు ముప్పై రెండేళ్ళదాని జీవం ఎక్కడ పడిపోయి ఉంటుంది? కంపెనీలోనే, సందేహం లేదు. అక్కడికెళ్ళి పిలిస్తే కాపలావాళ్ళు ఊరుకోరు. కూతురుండే ఈ భవనం గేటు దగ్గరనుంచి మొదలుపెడితే చాలనుకుంది. కూతురి బూడిదరంగు కోటు, గుప్పెడు బియ్యం తీసుకుని కిందికి దిగింది.

“మావ్‌దౌ! ఇంటికి రా! మావ్‌దౌ, ఇంటికి రా!”

మావ్‌దౌ అంటే పచ్చి సోయాకాయ. పుట్టినప్పుడు అంతే ఉందని పెట్టిన ముద్దుపేరు. ఎనిమిది మందికి పెద్దయిన మనిషిని అలా పిలుస్తూ గేటునుంచి లిఫ్టుదాకా నడిచింది. లిఫ్టు వచ్చింది. లోపలికెళ్ళి, తలుపు మూసుకోకుండా మీట నొక్కి పట్టుకుంది. జీవం వెనకబడితే? కార్డు గీకకపోతే ఈ లిఫ్టు కదలదు, దానికి కార్డెక్కడిది?

ఉల్లికాడల సంచితో ఒకామె పరుగున వచ్చి ఎక్కింది. పక్కింటి యిన్ అక్క, ఉత్తరాదిది, గొంతు పెద్దది.

“ఎక్కేశాను, వదిలెయ్యి చెల్లీ.”

“ఒక్క నిమిషం అక్కా. ఇంకొకరు రావాలి.”

యిన్ అక్క బయటికి తొంగి చూసింది. ఎవరూ లేరు. “కుక్క తప్పిపోయిందా? మావ్‌దౌ, మావ్‌దౌ అని వినబడింది. మా కింది అంతస్తువాళ్ళ కుక్కపేరూ అదే.”

“కుక్క కాదు. మా అమ్మాయి.”

యిన్ అక్క చూపు చేతిలోని కోటు మీదికి, బియ్యం మీదికి వెళ్ళింది. మొహం మారింది. తనే మీట నొక్కి పట్టుకుంది. “ఎన్నాళ్ళుగా పడుకోవట్లేదు?”

“నాలుగు నెలలు.”

“అలా మెల్లిగా పిలిస్తే ఇరవై మూడు అంతస్తులు ఎక్కుతుందా? మా వైపు గరిటెతో గడప కొట్టి పిలుస్తారు. గరిటె తేనా?”

“వద్దక్కా, జడుసుకుంటుంది.”

ఇరవైమూడో అంతస్తులో దిగి ఇంటి తలుపు బార్లా తెరిచి, గడప మీద నిలబడి, లోపలి గది తలుపుకేసి గుయ్‌జెన్ మళ్ళీ పిలిచింది. “మావ్‌దౌ, ఇంటికి రా!” కీబోర్డు చప్పుడు ఆగింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు.

“నేననమంటావా ‘వచ్చాను’ అని?” అంది యిన్ అక్క వెనకనుంచి, సాయంగా.

“మీరంటే మీ జీవం మా ఇంట్లో చేరుతుంది అక్కా. తర్వాత మీ ఆయన మా ఇంటికొచ్చి వెతుక్కోవాలి.”

“వెతుకుతాడనుకున్నావా!”

గుయ్‌జెన్‌కి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఇంకోలా మారింది. పిలవబోయి నోరు తెరిస్తే పిలుపు రాలేదు, వేరే మాట వచ్చింది.

“మావ్‌దౌ, నువ్వు పడుకున్నది బకెట్టు వల్ల కాదు. నాకు ఆ రోజే తెలిసింది, ఆ మాత్రలు చూడగానే. నా గొప్ప పోయిందని పారేశాను. అదొక్కటే కాదు. ఆ అక్షరాలు చూస్తే నా పేరు చదివినట్టుంది. మిల్లు మూసినప్పటినుంచీ నేను సరిగ్గా పడుకోలేదు. నువ్వప్పుడు బడికెళ్తున్నావు. ఎవరికీ చెప్పలేదు. ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకున్నట్టుంటాను. మీ నాన్నకి తెలుసట, ముసలాడు ఇవాళ చెప్పాడు. ఈ భయం నానుంచే నీకొచ్చిందేమోనని... నీ మాత్రలు పారేస్తే అది కూడా పోతుందనుకున్నాను. ఎనిమిదో తరగతి బుర్ర, అంతకంటే ఏం తోస్తుంది.”

యిన్ అక్క ఉల్లికాడల సంచి చప్పుడు కాకుండా గుండెకి హత్తుకుంది.

“నువ్వు నాలుగోసారికి లోపలికెళ్ళావు. నేను గుమ్మందాకా కూడా ఎప్పుడూ వెళ్ళలేదు. రేపు నీతో వస్తాను. బయట కూర్చోను, లోపలికే వస్తాను. నా సంగతీ చెప్తాను ఆ డాక్టరుకి. నవ్వితే నవ్వనీ.”

కోటు చేతిలో బరువెక్కింది. బియ్యం వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్క గింజా గడప మీద రాలాయి. చప్పుడైతే వెలిగే మెట్ల దీపం దానంతటదే ఆరిపోతే యిన్ అక్క కాలు నేలకి తాటించి వెలిగించింది. మళ్ళీ ఆరింది, మళ్ళీ వెలిగించింది. మూడోసారి ఆరినప్పుడు ఆమె కూడా కాలు కదపలేదు. గుయ్‌జెన్ ఆ చీకట్లో, జరగగల చెడ్డవన్నీ వరసపెట్టి ఊహించుకుంది. అన్నీ అయిపోయాక కూడా అక్కడే నిలబడి ఉంది.

గది తలుపు సందులోంచి సన్నటి వెలుగు గీత పడింది.

“వచ్చానమ్మా,” అంది రుయ్‌లిన్, బొంగురు గొంతుతో. “నీ గుర్తింపు కార్డిలా ఇయ్యి. రేప్పొద్దునకి డాక్టరు దగ్గర రెండు చీటీలు తీసుకుంటాను.”