బట్టల బల్ల కింది స్టాండ్లు

మా ఆయనకు ఆ కారంటే ఎంత మోజో నాకు దాన్ని చూస్తే అంత మంట. పదిహేడేళ్ల నాటి లగ్జరీ కారు. తోలు సీట్లు, తలుపులకు నున్నటి చెక్క, కూర్చుంటే లేవబుద్ధి కాని మెత్తదనం. అన్నీ బాగానే ఉన్నాయి, నడవడం మాత్రం దాని ఇష్టం. దానికి స్ప్రింగులుండవు. చక్రాల దగ్గర గాలి తిత్తులుంటాయి. అవి ఊదుకుంటే కారు పైకి లేస్తుంది, గాలి కారితే చతికిలబడుతుంది. మెకానిక్‌కు చూపించమంటే వినరు. మన బండిని మనమే చూసుకోవాలట. నన్ను అలా చూసుకున్నది ఎప్పుడో గుర్తు లేదు.

నెల రోజులుగా పొద్దున లేచేసరికి ఎడమ పక్క ముందు భాగం నేలకు ఒరిగి ఉంటోంది. గాలి ఎక్కడ కారుతోందో తెలియాలంటే కిందికి దూరి సబ్బునీళ్లు పూసి, బుడగలు ఎక్కడొస్తాయో చూడాలి. కిందికి దూరాలంటే ముందు జాకీతో ఎత్తి ఇనుప స్టాండ్లు పెట్టాలి. స్టాండ్లు లేకుండా కారు కింద తల కూడా పెట్టకూడదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ పాఠం చెప్పేది ఆయనే.

ఆ స్టాండ్లు రెండూ నా దగ్గరున్నాయి. పెరట్లో వాటిమీద పలక వేసి బట్టల టబ్బులకు బల్ల చేసుకున్నాను. ఆయనకు చెప్పలేదు. వంగి ఉతికేది నేను, నడుం పట్టేసేది నాకు. అడిగినప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. ఆయన అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను షెడ్డులోకి పిలిచి డ్రైవర్ సీట్లో కూర్చోమన్నారు. ఇంజన్ స్టార్ట్ చేయించి, కారును పైకి లేపే బటన్ నొక్కించారు. బుస్సుమంటూ జానెడు లేచింది. జాకీలో నూనె కారుతోందని, దానికంటే ఈ గాలే నయమని అన్నారు. స్టాండ్ల ఊసు ఎత్తలేదు. ఎత్తితే నా బల్ల సంగతి బయటపడుతుందని నేనూ ఎత్తలేదు. కిందికి దూరే ముందు మాత్రం కిటికీలోంచి ఒక మాట చెప్పారు.

"ఏం జరిగినా నువ్వు దిగకు. నీ బరువు తగ్గితే కారు మరీ పైకి లేచిందనుకుని అదే గాలి వదిలేస్తుంది."

నా బరువు గురించి ఎవరు మాట్లాడినా ఊరుకోను. ఆ రోజు ఊరుకున్నాను.

షెడ్డు చీకటిగా ఉంటుందని హెడ్‌లైట్లు వేసి ఉంచారు. ఎదుటి గోడమీద రెండు వెలుగు మరకలు పడ్డాయి. ఎడమ వైపు మరక పై అంచు సరిగ్గా అక్కడున్న మేకును తాకుతోంది. ఏం తోచక దాన్నే చూస్తూ కూర్చున్నాను. కింద స్పాంజి తడి చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి, బుడగలు దొరికాయని సంబరంగా చెప్పారు. ఆ సంబరం పూర్తి కాకముందే, అంతసేపూ గుయ్యిమంటూ తిత్తులకు గాలి కొడుతున్న మోటారు ఆగిపోయింది. ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది. వేడెక్కితే అదే ఆగిపోతుందని ఆయన ఒకసారి చెప్పిన గుర్తు.

మేకు చీకట్లో పడింది.

కళ్లు నులుముకుని చూశాను. వెలుగు మేకు కిందికి దిగింది. చూస్తుండగానే ఇంకో ఇటుక వరస దిగింది. పైకి లేపే బటన్ నొక్కాను. అది రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. వేలు విరిగేలా నొక్కాను. బయటికి వచ్చేయమని అరిచాను.

"రాలేను. పొట్ట మీదికొచ్చేసింది," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంత చిన్నగా, జాగ్రత్తగా, ఊపిరి దాచుకుంటూ మాట్లాడటం ఆయనకు చేతనవునని నాకు తెలియదు.

తలుపు పిడి మీద నా చెయ్యి ఉంది. దిగి లాగేయాలని ఒళ్లంతా కొట్టుకుంటోంది. దిగితే నేనే చంపినదాన్నవుతాను. దిగకపోతే కూర్చుని చూస్తూ చంపినదాన్నవుతాను. చెయ్యి తీసేసి హారన్ మీద రెండు అరచేతులూ వేసి నొక్కాను.

పై వాటాలో ఉండే టైలర్ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. వంగి కిందికి చూశాడు. లేచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడ వారనున్న జాకీ అందుకోబోతే కిందినుంచి ఆయన ఆపారు. ఒక్క జాకీ నిలబడదు, దిగిపోతుంది, ముందు స్టాండ్లు కావాలి అన్నారు.

"స్టాండ్లు ఎక్కడున్నాయక్కా?" అన్నాడు టైలర్.

"పెరట్లో. బట్టల టబ్బుల కింద. నేనే పెట్టాను. అన్నీ తోసేసి పట్టుకురా."

ఆయన విన్నారు. పెరట్లో టబ్బులు బోర్లాపడిన చప్పుడు వినిపించింది. గోడమీద వెలుగు ఇంకో వరస దిగింది. ఏవండీ అన్నాను. ఊఁ అన్నారు. మళ్లీ ఏవండీ అన్నాను. ఈసారి ఊఁ అనడానికి చాలాసేపు పట్టింది. మూడోసారి పిలవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

టైలర్ వచ్చి జాకీ దూర్చాడు. పంపు కొట్టినకొద్దీ అంగుళం లేస్తుంది, అరంగుళం దిగుతుంది. ఎలాగో ఒక స్టాండు పట్టేంత సందు దొరికింది. దాన్ని తోశాడు. తర్వాత రెండోది. ఆ తర్వాత ఆయన రెండు కాళ్లూ పట్టుకుని లాగాడు. కింద పరుచుకున్న అట్టముక్కతో సహా బయటికొచ్చారు.

నేను అప్పుడు దిగాను. ఆయన చొక్కా చిరిగింది, పక్కటెముకల మీద చర్మం లేచిపోయింది, అంతే. ఊపిరి పీల్చి వదులుతున్నారు, పీల్చి వదులుతున్నారు. టైలర్ మంచినీళ్లకు వెళ్లాడు. భయం తీరీ తీరకముందే నాకు కోపం ముంచుకొచ్చింది. నా నోటి సంగతి తెలిసిందే. స్టాండ్లు కనబడకపోతే నన్ను అడగొచ్చు కదా, నోరు పడిపోయిందా, వెతికారా అసలు, అని దులిపేశాను.

ఆయన గోడకు ఆనుకుని నేలమీదే కూర్చున్నారు.

"వెతకడమెందుకు? పెరట్లో ఉన్నాయని తెలుసు. నెలనుంచీ చూస్తూనే ఉన్నా."

"మరి?"

"పొద్దున అడుగుదామనే వచ్చాను. నువ్వు బట్టలు నానబెట్టుకున్నావు. ఇప్పుడు తియ్యమంటే గొడవ చేస్తావనిపించింది." పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకున్నారు. "దానికంటే కారు కిందికెళ్లడమే నయమనిపించింది."

వెటకారంగా అన్నారేమోనని మొహం చూశాను. కాదు. ఉన్నమాటే చెబుతున్నారు. చెప్పి, నేనేమంటానో అని నావైపు చూశారు. కారు కిందినుంచి వచ్చిన గొంతులో ఉన్న భయమే ఆ చూపులోనూ ఉంది.

కారు ఆయన మీదికి కుంగుతున్నప్పుడు భయపడ్డాను, నిజమే. ఆ చూపుకు అంతకంటే ఎక్కువ భయపడ్డాను. నేలమీద ఆయన పక్కనే కూలబడ్డాను. నేను కదలగానే ఆయన ఉలిక్కిపడి కొంచెం పక్కకు జరిగారు.