మూడో రోజు కుడి చెయ్యి

"గడ్డ కట్టకముందే రుద్దు మే," అని మా అత్త రామలక్ష్మమ్మ స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. ఆసుపత్రి వెనక గోడ చాటున తనే పావురం మెడ కోసి రక్తం పట్టుకొచ్చింది. పక్షవాతానికి మా పత్తికొండ వైపు అదే మందు. మంచం మీద మా ఆయన బసవన్న. కుడివైపు చచ్చుబడి మూడో రోజు.

భుజం నుంచి వేళ్ళ కొసల దాకా రుద్దాను. టమేటా మండీలో బుట్టలెత్తిన చెయ్యి. రెండువేల ఆరులో నా డీఎస్సీ హాల్‌టికెట్టు చించి, "బీయెడ్డు చదివితే పొగరా?" అని నా తలను గోడకేసి కొట్టిన చెయ్యి. ఆ దెబ్బకే నా ఎడమ చెవి సగం పోయింది. "మొగుడు కొట్టకపోతే ఇంకెవురు కొడ్తారే?" అని అప్పుడు అత్త నవ్వింది. మా ఇంట్లో మొదట డిగ్రీ చేసింది నేనే. మా నాయన కూడా, "చదువుకున్నదానివి, సర్దుకోవల్ల," అన్నాడు.

నిన్న డాక్టరు నాకే చెప్పాడు: "ఈ రెండు మూడు రోజుల్లో భుజం లేచి, వేళ్ళు తెరుచుకుంటే ఆరు నెలలకు చెయ్యి చాలావరకు వస్తుంది. లేదంటే ఆశ తక్కువ. కనిపెట్టుకుని ఉండమ్మా." కనిపెట్టుకునే ఉన్నాను. కదలకూడదని శ్రీశైలం మల్లన్నకు మొక్కుకున్నాను కూడా.

అత్త కత్తి కడగడానికి పోయింది. గంజి పోస్తుంటే చెంచా ఆయన పంటికి తగిలింది. కళ్ళు ఎర్రబడ్డాయి. భుజం జానెడు లేచింది. రక్తం ఎండిన అయిదు వేళ్ళూ నా చెంప వైపు తెరుచుకున్నాయి. అందక, మంచం మీద పడిపోయాయి. డాక్టరు చూడమన్న రెండు కదలికలూ చెంపదెబ్బవేనని అప్పుడు తెలిసింది.

"ఏమైనా కదిలిందామ్మా?" డాక్టరు వచ్చి అడిగాడు. లేదని నేనంటే వ్యాయామాలు రాయడు. ఆ చెయ్యి అట్లే ఉండిపోతుంది. చూసింది నేనొక్కదాన్నే.

"కదిలింది సార్. భుజం లేచింది, వేళ్ళు తెరుచుకున్నాయి. నన్ను కొట్టేకి."

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. "మంచి గుర్తే. ఆరు నెలల్లో వస్తుంది. రోజూ వేళ్ళు చాపించాలి. ఎవరు చేయిస్తారు?"

"ఇదే. ఇంకెవురుండారు?" అంది అప్పుడే కత్తి కడుక్కొచ్చిన అత్త.

గ్లాసు కడిగి ఆమె చేతికిచ్చాను. "నువ్వే చేయించుకో అత్తా. ఆ చెయ్యి లేచేనాటికి ఎదురుగా నా చెంప ఉండదు."

"యాడికి పోతాండావే?" వెనక నుంచి అరిచింది. అది నా ఎడమ చెవి వైపు. సగమే వినబడింది.