పిడి లోపలి పేరు

ఆ కత్తి మా ఇంటికి వచ్చి పదకొండేళ్లయింది. బ్లాక్‌టౌన్‌లో మా వీధి చివర ఉండే ముసలాయన చనిపోతే, ఆయన కూతురు ఇంట్లో సామానంతా వాకిట్లో పరిచి అమ్మకానికి పెట్టింది. మా ఆవిడ రత్నకుమారి ఇడ్లీ గిన్నెకు సరిపోయే మూత దొరుకుతుందేమోనని వెళ్లి, దుప్పట్లో చుట్టిన జపాను కత్తితో తిరిగొచ్చింది. దాన్ని ముసలాయన తండ్రి యుద్ధం నుంచి తెచ్చాడట. ఎవరూ కొనకపోతే చెత్తలో వేస్తామన్నారని, తనకు ప్రాణం ఒప్పలేదని చెప్పింది.

"మరి మూత ఏదీ?" అన్నాను.

"దీనికి ఉందిగా," అని ఒర చూపించింది.

యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో ఇలాంటివి వేలకు వేలు చేశారని ఎక్కడో చదివాను. ఇదీ అలాంటిదేనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. మూడేళ్ల క్రితం ఆయుధపూజకి తుడుస్తుంటే, పిడికి అడ్డంగా బిగించిన వెదురు చీల ఊడి, పిడి ఆమె చేతిలోకి వచ్చేసింది. లోపల తుప్పు పట్టిన ఇనుము మీద ఏవో అక్షరాలున్నాయి.

"ఏమండీ, ఒకసారి రండి. దీన్ని చేసినాయన పేరు చెక్కుకున్నాడు," అని వంటింట్లోంచి పిలిచింది.

టీవీలో మ్యాచ్ చివరి ఓవర్లలో ఉంది. వస్తున్నానన్నాను. వెళ్లలేదు. ఆమె కాసేపు చూసి చీల మళ్లీ బిగించేసింది. ఆ పేరేమిటో తెలిసినవాళ్లని అడగాలని తర్వాత చాలాసార్లు అంది. అడగకుండానే, కిందటేడు మార్చిలో, వెళ్లిపోయింది.

ఆ పేరు తెలుసుకోవాలని నాకు పట్టుకుంది. ఆమె అడిగి, నేను తీర్చకుండా మిగిలినవాటిలో ఇప్పుడు చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

పాత జపాను కత్తులు చూసి వయసూ విలువా చెప్పే మనిషి ఒకాయన స్ప్రింగ్‌వుడ్‌లో ఉన్నాడని మా అమ్మాయి వైశాలి కనుక్కుంది. పేరు రవినేష్. ఫిజీ నుంచి వచ్చినవాడు. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కాడట. ఇంట్లో అందరూ హిందీ మాట్లాడినా, ఆజీ అని పిలిచే నాయనమ్మ దగ్గర ఆయనకు కాస్త తెలుగు వచ్చింది. ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఈ కత్తుల విద్య ముప్ఫయ్యేళ్లుగా నేర్చుకుంటున్నానని, ఇంకా నేర్చుకుంటున్నానని ఫోన్లోనే చెప్పాడు.

కత్తి తీసుకుని వెళ్లాను. ఆయన గదంతా లవంగనూనె వాసన. కత్తులకు అదే రాస్తారట. నన్ను కిటికీ పక్కన ఎండ పడే కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇక్కడ జులై అంటే చలికాలం, అదెంతో హాయిగా ఉంది. కత్తిని గుడ్డతో పట్టుకుని, ముందు దానికి కొంచెం తల వంచి, తర్వాత ఒరలోంచి తీశాడు. వెలుతురుకి వాల్చి, తిప్పి చూశాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు. ఉక్కులో టేకు చెక్కలో ఉన్నట్టు సన్నటి చారలు. పదును అంచు వెంట మీగడ కట్టినట్టు తెల్లటి గీత. ఉక్కును మడిచి, సాగగొట్టి, మళ్లీ మడిచి చేతితో చేస్తేనే ఆ చారలు వస్తాయన్నాడు. వయసు మూడువందల ఏళ్లకు తక్కువ ఉండదన్నాడు. యుద్ధానికి వెళ్తూ ఎవరో తమ ఇంటి పాత కత్తికే సైన్యంవాళ్ల పిడి వేయించుకున్నారన్నమాట.

ఆమె చెప్పిందే నిజం. ఆ మాట అనబోయి పక్కకి తిరిగాను. పక్కన గోడ ఉంది.

తర్వాత రవినేష్ వెదురు చీల తీసి పిడి లాగాడు. లోపలి ఇనుము కొత్త చెంచాలా తళతళలాడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

పిడి లోపలి భాగాన్ని ఎవరూ ముట్టుకోరట. అక్కడి నల్లటి తుప్పే కత్తికి జన్మపత్రిక. దాన్ని చూసే వయసు నమ్ముతారు, అందులోని పేరును నమ్ముతారు. ఇదంతా నన్ను నొప్పించకుండా, తక్కువ మాటల్లో చెప్పాడు. మా ఆవిడ ప్రతి దసరాకి దీన్ని తుడిచేదని ఫోన్లో చెప్పి ఉన్నాను.

"ఆంటీ చేసినారా, దసరాకి? మా ఆజీ కూడా అట్లనే. చెరుకు కత్తిని చింతపండు పెట్టి తోమేది."

తలూపితే సరిపోయేది. ఆమె ఏమీ అనుకునేది కూడా కాదు.

"ఆవిడ కాదు," అన్నాను. "నేను."

కిందటి దసరాకి ఇంట్లో ఒక్కణ్ణే. కారుకి బొట్టు పెట్టాను. ఆమె కుట్టుమిషనుకి పెట్టాను. కత్తి దగ్గరికి వచ్చేసరికి, ఆ పేరు స్పష్టంగా కనిపిస్తే ఎవరితోనైనా చదివించవచ్చు కదా అనిపించింది. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి. తుప్పు మీద పులుపు ఎలా పనిచేస్తుందో తెలుసు. చింతపండు గుజ్జు ఒక రాత్రంతా ఉంచి, పొద్దున్నే స్టీలు పీచుతో తోమాను. మెరిసేదాకా తోమాను. అప్పుడు చూస్తే అక్షరాలు లేవు.

నేను చెప్పింది వింటూ రవినేష్ భూతద్దం తీసి, లైటు అటూ ఇటూ జరిపి చూశాడు. గీతలు లేకపోలేదు గానీ, అవి అక్షరాలని ప్రమాణం చేసి చెప్పలేనన్నాడు. విలువ పత్రంలో 'పేరు లేని కత్తి' అని రాస్తానన్నాడు. చేసినవాడు పేరు చెక్కకుండా వదిలిన మంచి కత్తులు చాలా ఉంటాయి. వాటికి గౌరవం ఉంది. పేరు ఉండి పోగొట్టుకున్నదని రాస్తే మాత్రం విలువ బాగా పడిపోతుంది.

"రెండోదే రాయండి," అన్నాను.

"మీరు చూసినారా అంకుల్, పేరు?"

"లేదు. ఆవిడ చూసింది."

ఆయన కలం కింద పెట్టాడు. ఆమె ఏం చూసిందో చెప్పమన్నాడు. పిడి ఊడిన రోజు అన్నం వడ్డిస్తూ ఆమె అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. రెండక్షరాలట. పైదానికి ఇంటికప్పు, ఆ కప్పు కింద మూడుకాళ్ల పీట. కిందిదేమిటో తనకి అంతుపట్టలేదట. ఫర్నిచర్ షాపులా ఉందే అని నేను నవ్వాను కూడా.

రవినేష్ ఒక కాగితం లాక్కుని కప్పు గీశాడు. దాని కింద రెండు అడ్డగీతలు, మూడు కాళ్లు. నా వైపు తిప్పాడు.

"ఇది మునె అనే జపాను అక్షరం," అన్నాడు మెల్లగా. "ఆ రాత రాని మనిషి దీన్ని ఊరికే కల్పించలేరు, అంకుల్."

ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు చాలామంది కమ్మరులకు ఉండేవట, తండ్రి తర్వాత కొడుకుకి కూడా. వాళ్లలో ఇతనెవరో ఇక ఎవరూ చెప్పలేరు. సగం పేరే దక్కింది.

విలువ పత్రం ఇంగ్లీషులో రాసి, నాకు చదివి వినిపించాడు. పిడి లోపల రెండక్షరాల పేరు ఉండేది. శుభ్రం చేయడంలో పోయింది. మొదటి అక్షరం 'మునె' కావచ్చు. పోకముందు చూసినవారు, అని అక్కడ ఆగి, ఆమె పేరు స్పెల్లింగ్ అడిగాడు.

ఒక్కో అక్షరం చెప్పాను. తొందరపడలేదు.